క్రొత్త మాంసములు – సూక్ష్మక్రిముల పరీక్ష

మన కృష్ణా డెల్టాలో కోడి, మేక, చేప, రొయ్య తరతరములుగా నెరిగిన యాహారములు. ఇటీవలి కాలమున వీనికి తోడు కౌజుపిట్ట, ఈమూ మొదలగు క్రొత్త మాంసములును అంగళ్లకు వచ్చినవి. జపాను కౌజుపిట్ట 1974లో మన దేశమునకు తేబడినది. ఆస్ట్రేలియా పక్షియగు ఈమూను మన రాష్ట్రమున పెక్కుమంది రైతులు పెంచిరి. 2012 ప్రాంతమున ఆ వ్యాపారము పడిపోగా పలువురు నష్టపోయిరి. ఉపవృత్తిగా పక్షులను పెంచు సభ్యులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొక్కటి: “ఈ మాంసము మంచిదో కాదో యెట్లు తెలియును?” దానికి సమాధానము చెప్పుటయే యీ పాఠము.

ముందుగా మా తప్పు నొప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మంగినపూడి తీరమును చూడవచ్చిన బంధువులకై డజను కౌజుపిట్టలను కొంటిమి. రంగు చూచి, వాసన చూచి, “దివ్యముగా నున్నవి” అని మేమే చెప్పితిమి. ఇంట వానిని కోసిన కత్తిపీట మీదనే, పైపైన నీళ్లతో కడిగి, కీరదోసకాయలు తరిగిరి. కూర బాగుగ నుడికినది. దానిని మాత్రమే తిన్న పెద్దలకు ఏమియు కాలేదు. పచ్చి కీరదోస ముక్కలు తిన్న పిల్లలిద్దరును మరునాటికి జ్వరముతోను విరేచనములతోను మంచము పట్టిరి. పరీక్ష చేయింపలేదు గనుక ఫలానా క్రిమి యని మేము నిశ్చయముగా చెప్పజాలము. కాని రైతులకు బోధించువారమే ముక్కును నమ్మి మోసపోతిమి. మాంసమును కుళ్లించి వాసన పుట్టించు క్రిములు వేరు, మనుష్యుని జబ్బున పడవేయు క్రిములు వేరు. ఈ రెండవ జాతి యున్నను మాంసము రంగు మారదు, వాసన రాదు.

క్రిము లెవ్వి?

వీనిలో ముఖ్యమైనది సాల్మొనెల్లా. ఇది పక్షుల ప్రేగులలో నుండును. పక్షి యారోగ్యముగా కనబడుచునే దీనిని మోయవచ్చును. కాంపైలోబాక్టరు సైతము పక్షుల ప్రేగులలోనిదే. ఈ-కోలి యనునది కనబడిన, మాంసమునకు మలము సోకినదని గుర్తు. దానిలో కొన్ని రకములు స్వయముగనే ప్రమాదకరములు. లిస్టీరియా మిగిలినవానివలె చలికి లొంగక, ఫ్రిజ్జులో సైతము మెల్లగా పెరుగును. గర్భిణీస్త్రీలకు మిక్కిలి హాని చేయును.

మాంసమునకును జబ్బునకును గల సంబంధము 1888లో జర్మనీ దేశపు ఫ్రాంకెన్‌హౌసెను పట్టణమున రుజువైనది. అచ్చట జబ్బుపడిన యావును కోసి అమ్మగా తిన్నవారు పలువురు రోగులైరి, ఒకడు మరణించెను. గార్ట్‌నరు అను పండితుడు ఆ మాంసమునందును, మరణించినవాని దేహమునందును ఒకే క్రిమిని కనుగొనెను. అది సాల్మొనెల్లా జాతిలోనిదే.

అనుకూలమైన వెచ్చదనమున నొక క్రిమి యిరువది నిమిషములకు రెండగును. ఆ లెక్కన ఒక్క క్రిమి యేడు గంటలలో 20,97,152 అగును. ఉదయము కోసిన పక్షిని మధ్యాహ్నము దాక మంచులేక బల్లపై నుంచుటలోని యపాయ మిదియే.

పరీక్ష విధము

సాల్మొనెల్లా పరీక్ష నుదాహరణముగా చెప్పెదము. మొదట 25 గ్రాముల మాంసమును 225 మిల్లీలీటర్ల పెప్టోను నీటిలో కలిపి, 37 డిగ్రీల వేడిమిలో సుమారు 18 గంటలు ఉంచెదరు. మంచుచేతను ఉప్పుచేతను నీరసించిన క్రిములు దీనిలో కోలుకొనును. పిమ్మట ఆ ద్రవమును, ఇతర క్రిములను అణచి సాల్మొనెల్లాను మాత్రము పెరుగనిచ్చు మందుద్రవములలో వేసి మరియొక దినము ఉంచెదరు. తరువాత దానిని గాజుపళ్లెములోని యెఱ్ఱని అగరుపై పూయుదురు. సాల్మొనెల్లా యున్నచో నడుమ నల్లనైన చుక్కలు సాధారణముగా లేచును. చుక్క కనబడినంతనే తీర్పు చెప్పరు; రసాయన పరీక్షలచేతను సీరము చేతను నిర్ధారణ చేయుదురు. ఇంతయు ముగియుటకు నాలుగైదు దినములు పట్టును. ఫలితము “25 గ్రాములలో కలదు” లేక “లేదు” అని వచ్చును. కొంచెమే కలదు గదాయని సర్దుకొనుటకు వీలులేదు.

నమూనా పంపుట

క్రిములు సాధారణముగా మాంసపు పైభాగమున నుండును. పక్షి మెడచర్మమున మరింత. కావున నమూనాలో ఆ భాగము చేరవలయును. శుద్ధిచేసిన సంచిలో వేసి, మంచుపెట్టెలో నుంచి, గడ్డకట్టనీయక వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చవలయును. పక్షిని కోసిన దినము, గంట చీటీపై వ్రాయవలయును. కొన్నవాడును రుసుము చెల్లించి ఆహార విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనుటకు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 40వ సెక్షను హక్కు నిచ్చుచున్నది. మందలోని పక్షులే జబ్బుపడినచో గన్నవరమునందలి పశువైద్య కళాశాలవారి సలహా పొందవచ్చును.

ఒక్క నమూనా మంచిదని వచ్చినంతమాత్రమున మంద యంతయు, ఏడాది పొడుగునను మంచిదని తలపరాదు. పరీక్ష ఆ దినపు శుభ్రతకు సాక్ష్యమేగాని రేపటికి హామీ కాదు.

పరీక్షకు నందని మాంసము

కృష్ణా, గుంటూరు, ప్రకాశము, పశ్చిమ గోదావరి జిల్లాలలో గాడిద మాంసము చాటుగా అమ్మబడుచున్నదని పత్రికలు పలుమారులు ప్రకటించినవి. అది తిన్న నడుమునొప్పి, ఉబ్బసము పోవుననియు, బలము వచ్చుననియు కొందరి నమ్మకము; దీనికి వైద్యశాస్త్రమున ఆధారము లేదు. ఆహారమునకై వధింపదగిన జంతువులుగా 2011 నాటి నిబంధనలు చెప్పిన జాబితాలో గాడిద లేదు. కావున దానిని కోయకముందు చూచు పశువైద్యుడు గాని, కోసిన పిమ్మట ముద్రవేయు అధికారి గాని లేడు. గుఱ్ఱములకును గాడిదలకును వచ్చు గ్లాండర్సు అను రోగము వానిని ముట్టిన మనుష్యునికిని సోకి ప్రాణము తీయగలదు. 2012 మొదలు 2019 వరకు దేశమున గాడిదల సంఖ్య నూటికి 61 వంతులు తగ్గినట్లు పశుగణన చెప్పుచున్నది. చాటుగా కోయబడు జంతువు ఎచ్చటిదో, ఏ రోగముతో నుండెనో కొన్నవాడెరుగడు. ఇట్టి మాంసమును తినకుండుటయే దాని పరీక్ష.

ఇంటి జాగ్రత్తలు

1. పచ్చి మాంసమునకు వేరు కత్తిపీట నుంచుడు. లేనిచో ముందు కూరగాయలు తరిగి, ఆ పిమ్మట మాంసము కోసి, కత్తిపీటను సబ్బుతో తోమి సలసల మరుగు నీరు పోయుడు.

2. పక్షిని కుళాయి క్రింద ధారగా కడుగరాదు. తుంపరలతో క్రిములు చుట్టును చిందును.

3. ఎముకవద్ద ఎఱ్ఱదనము పోవుదాక, లోపల 74 డిగ్రీల వేడిమి చేరునట్లు వండుడు.

4. వండిన కూరను రెండు గంటలకు మించి బయట నుంచరాదు. ఫ్రిజ్జులో పచ్చిమాంసము అడుగు అరలోనే యుండవలయును.

5. అమ్మువారు పక్షిని కోసిన వెంటనే మంచులో నుంచవలయును. ప్రేగులు చినుగకుండ తీయవలయును.

నష్టపోయిన పెంపకమును మరల నిలువబెట్టుకొనవచ్చును గాని, మన సరుకువలన జబ్బుపడిన యింటి నమ్మకమును తిరిగి పొందుట కష్టము. పక్షులను పెంచు సభ్యులు నలుగురైదుగురు కలిసి ఖర్చు పంచుకొని, కొన్ని మాసముల కొకసారి నమూనాలు పంపుకొనిన, ఒక్కొక్కరిపై పడు భారము స్వల్పము. ఒంటరిగా చేయలేని పనిని కలిసి చేయుటకే గదా సహకార సంఘము పుట్టినది.