వీడియో మొదలైతే పాట ఎందుకు ఆగిపోతుంది?

ఫోన్‌లో పాట మోగుతుండగా మరో యాప్ వీడియో మొదలుపెడితే, పాట ఆగాలా వద్దా అన్నది ఆ యాప్ తయారీదారు చేసిన ఎంపికను బట్టి ఉంటుంది. ఐఫోన్‌లో ప్రతి యాప్‌కూ ఒక ఆడియో సెషన్ ఉంటుంది. దాని కేటగిరీని మార్చకపోతే ‘సోలో యాంబియంట్’ వర్తించి, పాట ఆగిపోతుంది. మాటలు లేని చిన్న క్లిప్‌కు ఇది అనవసరపు పెత్తనమే. అక్కడ ‘యాంబియంట్’ చాలు, రెండూ కలిసి వినిపిస్తాయి. సినిమాలకు, పాఠాలకు ‘ప్లేబ్యాక్’ సరైనది. సైలెంట్ స్విచ్ వేసి ఉన్నా ధ్వని వస్తుంది. వీడియో ముగిశాక సెషన్‌ను ఆపేస్తూ ఆ సంగతి ఇతర యాప్‌లకు తెలియజేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. అది లేకపోతే మళ్లీ మొదలుపెట్టమన్న కబురు పాట యాప్‌కు అందదు. ఆండ్రాయిడ్‌లో ఈ పని ఆడియో ఫోకస్‌ది: చిన్న వీడియోకు తాత్కాలిక ఫోకస్ అడిగి, ముగియగానే వదిలేయాలి.