నల్లతుమ్మ కఱ్ఱ: దాని గుణములు, పనికి సిద్ధపఱచు విధము

చెఱువు గట్లపైనను, రేగడి చేల సరిహద్దులందును పెరుగు నల్లతుమ్మను ఎఱుగని రైతు లేడు. అయినను దాని కఱ్ఱను తెలిసి వాడుకొనువారు కొలదిమందియే. పచ్చిచెట్టును నఱికి, ఆ వారముననే వడ్రంగికిచ్చి, వేసవి రాగానే చక్రము వదులైనదని చెట్టును నిందించుట తఱచుగా చూచుచున్నాము. దోషము చెట్టుది కాదు, మన తొందరపాటుది. ఆ సంగతినే ఈ నెల పాఠముగా వివరింపదలచితిమి.

గుణములు: మ్రానును అడ్డముగా కోసినచో రెండు వన్నెలు కనబడును. బెరడునానుకొని యుండునది తెల్లని లేతకఱ్ఱ, లోపలిది చేవ. చేవ మొదట లేత యెఱుపుగా నుండి, గాలి తగిలినకొలది ముదురువన్నెకు తిరుగును. బాగుగా ఎండిన కఱ్ఱ ఘనపుటడుగు సుమారు 22 కిలోలు తూగును. టేకు సుమారు 18 కిలోలే. టేకుకంటె ఇది మిక్కిలి గట్టిది, దెబ్బకు ఓర్చునది. కావుననే బండిచక్రపు కుండకును, ఆకులకును, పూటీలకును, నాగలికిని, గొడ్డలి పిడికిని పెద్దలు దీనిని ఎన్నుకొనిరి. చేవను చెదలు సులభముగా తినవు. లేతకఱ్ఱలో పిండిపదార్థముండుటచే పురుగు దానిని త్వరలో తొలిచి పొడిచేయును.

వదులగుటకు కారణము: పచ్చికఱ్ఱ ఆఱునపుడు అడ్డముగా కుంచించును, పొడవున దాదాపుగా తగ్గదు. పచ్చికఱ్ఱతో చక్రము కట్టినచో ఆకుల కొనలు సన్నగిల్లి బెజ్జములలో కదలును. అట్టి చక్రమును నీటిలో నానవేసినచో నాలుగు దినములు బిగిసి, మరల వదలును.

సిద్ధపఱచు విధము:

1. వానలు వెనుకబట్టిన పిదప, ఎండలు ముదురకముందు చెట్టును కొట్టవలెను.

2. మొద్దును రెండు మూడు నెలలు చెఱువునీట పూర్తిగా ముంచి యుంచవలెను. పిండిపదార్థము తగ్గి, పురుగుబాధ తగ్గును.

3. ఎండిన కఱ్ఱపై ఉలి కష్టముగా నడచును గనుక వడ్రంగులు పచ్చిదానినే కోరుదురు. కాబట్టి తడి యుండగనే కొలతకంటె కొంచెము లావుగా, మోటుగా చెక్కించి, ఆఱిన పిదప తుదిపని చేయింపవలెను.

4. కొనలు ముందుగా ఆఱి పగులును. వానికి తారు గాని, పేడ కలిపిన మన్ను గాని మెత్తవలెను.

5. నీడను, నేలకు జానెడెత్తున, తునుకల నడుమ బద్దలుంచి, గాలి యాడునట్లు పేర్చవలెను.

6. ఒక తునుకను నెలకొకసారి తూచవలెను. తూకము తగ్గుట మానినప్పుడే కఱ్ఱ ఆఱినదని తెలియవలెను.

ఇంత కాలము కాచుకొనుట ఒక్కని వలన కాదని కొంద రందురు. నిజమే. నలుగురైదుగురు సభ్యులు కలిసి మొద్దులు కొని, ఒకే చెఱువున నానవేసి, ఒకే పాకలో పేర్చినచో ఎవరికిని భారము కాదు. ఏటేట ఆఱిన కఱ్ఱ చేతికందును. దుక్కి దినములలో నాగలి విఱిగినచో పోవునది కఱ్ఱ వెల మాత్రమే కాదు, నేల పదును. అది మరల రాదు.

తుదకొక మాట. చెట్టును కొట్టినవాడు మాఱుగా రెండు పెంచవలెను. నల్లతుమ్మకాయలు తిన్న మేకల దొడ్డిలో దొరకు గింజలు బాగుగా మొలచును. వానిని తొలకరిలో గట్లపై విత్తినచో, మన బిడ్డల బండ్లకు కఱ్ఱ సిద్ధముగా నుండును.