పొట్టితనము వంశములో ఉందా?

"మా వాళ్ళందరూ పొట్టే సిస్టరమ్మా, వీడూ అంతే!" బిడ్డను తూకానికి తెచ్చిన తల్లులు తరచుగా ఈ మాట అంటుంటారు. ఇది ఎంతవరకు నిజమో ఈ పాఠములో తెలుసుకుందాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1997 నుండి 2003 వరకు భారతదేశము, బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలో పిల్లల ఎదుగుదలను కొలిచారు. మన దేశములో ఈ పని ఢిల్లీలో జరిగింది. తల్లిపాలు, మంచి ఆహారము, పరిశుభ్రత, వైద్యము అందిన పిల్లలనే ఎంచుకున్నారు. ఐదేళ్ళలోపు వారందరూ దాదాపు ఒకే విధముగా ఎదిగారు. 2006లో వచ్చిన ఎదుగుదల పట్టికకు ఇదే ఆధారము. కాబట్టి పసితనములో ఎదుగుదల ఆగితే, వంశము కన్నా ముందు బిడ్డకు అందని వాటినే చూడాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో ఐదేళ్ళలోపు పిల్లలలో నూటికి 31 మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. 2015-16లోనూ, 2019-21లోనూ ఇదే లెక్క. మన తడ పక్కనే శ్రీసిటీలో ఫ్యాక్టరీలు వచ్చాయి. కానీ పులికాట్ ఒడ్డున చేపలు పట్టి బ్రతికే ఇంట, వేసవిలో సరస్సు ఎండితే రాబడి ఉండదు. మంచి చేప అమ్మకానికి పోతుంది, బిడ్డకు చారన్నము మిగులుతుంది. నీళ్ళు బాగాలేక విరేచనాలైతే తిన్నదీ ఒంటబట్టదు. ఇది తల్లి తప్పు కాదు. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మొదటి రెండేళ్ళు చాలా ముఖ్యము.

1. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టండి. ఆరు నెలలు తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా వద్దు.

2. ఆరు నెలలు నిండగానే మెత్తని పప్పన్నములో కాస్త నూనె కలిపి పెట్టండి. గుడ్డు, ముల్లు తీసిన చేప కూడా పెట్టండి. చేపలు అమ్మకముందే బిడ్డకొకటి తీసి ఉంచండి.

3. అంగన్‌వాడీలో బిడ్డకిచ్చిన ఆహారము బిడ్డకే పెట్టండి. నెలనెలా తూకము, ఎత్తు చూపించండి.

4. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గినా, రెండు పాదాలు వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కలిగిన కుటుంబాలవారికి ఒక మాట. పొరుగింటి బిడ్డ ఎదగకపోతే "వాళ్ళ జాతే అంత" అనకండి. అంగన్‌వాడీలో పేరు ఉందో లేదో అడగండి. తల్లి కూలి మానుకొని రాలేకపోతే, ఒక పూట ఆ కూలి మీరిచ్చి ఆమెతో కలిసి రండి.