దూరదేశ ప్రయాణం: విమానం, దారి ఎంచుకోవడం ఎలా?



మన అన్నోజిగూడ, పోచారం, నారపల్లి, ఉప్పల్, నాచారం బస్తీల్లో విదేశంతో సంబంధం లేని ఇల్లు ఇప్పుడు తక్కువ. ఒక ఇంట్లో కొడుకు రియాద్‌లో ఉంటే, పక్కింట్లో కూతురు అమెరికాలో ఉంటుంది. ఉమ్రాకు బయలుదేరే పెద్దలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. దాతల్లో కొందరు తమ మర్హూమ్ తల్లిదండ్రుల సవాబ్ కోసం స్తోమత లేని ఒక పెద్దమనిషిని ఉమ్రాకు పంపాలని కూడా సంకల్పిస్తున్నారు. అందుకే ఈ సంచికలో ఈ పాఠం పెట్టుకున్నాం.

సాధారణంగా టికెట్ కొనేది ఫోన్ చేతిలో ఉన్న కుర్రవాళ్లు. ప్రయాణం చేసేది ఇంగ్లీషు రాని అమ్మ, మోకాళ్ల నొప్పులున్న నాన్న. ఫోన్‌లో అన్నిటికంటే పైన కనిపించే టికెట్ చవకైనది కావచ్చు గానీ, అది వాళ్లకు తగినదని చెప్పలేం. డబ్బు ఎలా అమానతో, మన మాట నమ్మి విమానం ఎక్కే మనిషి కూడా అలాగే అమానత్.

ఒకప్పుడు ఈ ఎంపికే లేదు. హాజీలు రైలెక్కి బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కి జెద్దా వెళ్లేవారు. ఆ ఓడ ప్రయాణం 1995తో ముగిసింది. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు విమానాశ్రయం మారాక విదేశీ సర్వీసులు పెరిగాయి. ఇప్పుడు ఇబ్బంది దారులు లేక కాదు, ఎక్కువై.

1. ముందు మనిషిని చూడండి

ధర చూసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వెళ్లే వారి వయసెంత? ఒంటరిగా వెళ్తున్నారా, తోడుందా? ఎంత దూరం నడవగలరు? షుగర్, బీపీ, గుండె జబ్బు ఏమైనా ఉన్నాయా? ఇరవై ఐదేళ్ల విద్యార్థికి రెండు చోట్ల విమానం మారడం పెద్ద పని కాదు. డెబ్బై ఏళ్ల తల్లికి అదే ప్రయాణం పరీక్ష. ఒకే టికెట్ ఇద్దరికీ మంచిది కాలేదు.

2. దారిని గంటల్లో విడగొట్టి చూడండి

హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరు విమానం అలవాటైన దారి కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరు సర్వీసు మొదలుపెట్టింది గానీ అది తర్వాత ఆగిపోయింది. కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దుబాయ్, దోహా, అబుధాబి మీదుగా గల్ఫ్ దారి ఒకటి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా యూరప్ దారి మరొకటి. ఢిల్లీ లేదా ముంబై మీదుగా మన దేశపు దారి ఇంకొకటి. ఆస్ట్రేలియా వైపు వెళ్లేవారికి సింగపూర్, కౌలాలంపూర్ దారులున్నాయి.

మొత్తం గంటలు దాదాపు సమానంగా కనిపించినా, అవి ఎలా పంచుకుంటాయో చూడాలి. దుబాయ్ మీదుగా న్యూయార్క్ వెళ్తే మొదటి విమానం సుమారు 4 గంటలు, రెండోది సుమారు 14 గంటలు. లండన్ మీదుగా వెళ్తే మొదటిది సుమారు 10, రెండోది సుమారు 8. నడుము నొప్పి ఉన్నవారికి రెండోది నయం. 14 గంటలు ఒకే సీటులో కూర్చోవడం వేరు, మధ్యలో దిగి కాళ్లు చాపుకోవడం వేరు. నిద్ర బాగా పట్టేవారికి మాత్రం గల్ఫ్ దారిలోని పొడవాటి రెండో విమానమే మేలు.

దారి ఎప్పుడూ ఒకేలా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మన దేశపు విమానాలకు మూతపడింది. దాంతో ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసినప్పుడు దోహాలో మారాల్సిన ప్రయాణికులు ఎక్కడివారక్కడ ఆగిపోయారు. ఇలాంటి రోజున మన చేతిలోని టికెట్ ఎలాంటిదన్నదే ముఖ్యం. తర్వాతి పాఠం అదే.

3. ఒకే టికెట్టా, రెండు టికెట్లా?

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకుంటే, అది ఇదే. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి.

ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థది. సామాను కూడా చాలావరకు చివరి ఊరిదాకా ట్యాగ్ అవుతుంది. రెండు టికెట్లు వేర్వేరుగా కొంటే రెండో సంస్థకు మొదటి విమానంతో పనిలేదు. వేళకు కౌంటర్ దగ్గర లేకపోతే ఆ టికెట్ పోయినట్టే. పైగా మధ్యలో సామాను తీసుకోవాలి, బయటికి రావాలి. దానికి ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు.

ఒక లెక్క చూద్దాం. ఇది ఉదాహరణకు వేసుకున్నదే. ఒకే టికెట్ లక్షా రెండు వేలు, మధ్యలో మూడు గంటల ఆగుడు. వేర్వేరు టికెట్లు కలిపి ఎనభై ఎనిమిది వేలు, మధ్యలో పద్నాలుగు గంటల ఆగుడు. మిగులు 14,000 రూపాయలు. అందులోంచి రెండో సంస్థ అడిగే సామాను ఛార్జీ, పద్నాలుగు గంటల భోజనం, పడుకునేందుకు గది, అవసరమైతే వీసా ఖర్చు తీసేయండి. మిగిలేది ఎంత? ఇక మొదటి విమానం ఆలస్యమైతే అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాలి. ఆ ఒక్క టికెట్ మన మిగులుకు ఎన్నో రెట్లు కావచ్చు. దాత సొమ్ముతో పంపేటప్పుడు ఇలాంటి పందెం కట్టే హక్కు మనకు లేదు.

4. మారే చోటును పరీక్షించండి

మధ్యలో గంట, గంటన్నర మాత్రమే ఉన్న టికెట్ పెద్దలకు తీసుకోవద్దు. రెండున్నర నుంచి నాలుగు గంటలు మంచిది. ఎనిమిది గంటలు దాటితే అలసట తప్ప లాభం లేదు.

ట్రాన్సిట్ వీసా నియమం టికెట్ కొనే ముందే చూడాలి. ఉదాహరణకు లండన్ మీదుగా వెళ్లే భారతీయులకు అమెరికా వీసా లాంటి మినహాయింపు లేకపోతే మారడానికి కూడా వీసా కావాలి. యూరప్ దేశాల నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు అధికార వెబ్‌సైటులో ఆ వారం చూసిందే లెక్క.

అబుధాబిలో ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే పూర్తవుతుంది. అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుల్లా బయటికి వెళ్లిపోవచ్చు. ఆ తనిఖీకి టైము పడుతుంది కనుక అక్కడ మారేవారికి మూడు గంటలకు తక్కువ ఉండకూడదు. మిగతా దారుల్లో అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. అక్కడి నుంచి ఇంకో ఊరికి విమానం ఉంటే సామాను తీసుకుని మళ్లీ వేయాల్సి ఉంటుందని పెద్దలకు ముందే చెప్పాలి.

నడవలేనివారికి వీల్‌చైర్ కనీసం 48 గంటల ముందు చెప్పి పెట్టుకోండి. వీల్‌చైర్ నడిపే మనిషే వారిని గేటు దాకా చేరుస్తాడు కాబట్టి భాష రానివారికి దారి తప్పే భయం కూడా పోతుంది.

5. ఉమ్రా దారి: జెద్దా ముందా, మదీనా ముందా?

హైదరాబాద్ నుంచి జెద్దా సుమారు 4,100 కిలోమీటర్లు. నేరు విమానంలో ఆరు గంటల లోపు ప్రయాణం. 2025 ఫిబ్రవరిలో ఇండిగో మదీనాకు కూడా హైదరాబాద్ నుంచి నేరు సర్వీసు మొదలుపెట్టింది. ఇక్కడ దారి ఎంపికతో పాటు ఇహ్రామ్ విషయం కూడా మారిపోతుంది.

జెద్దాకు వెళ్లే విమానం దిగకముందే మీఖాత్ దాటుతుంది. ఓడల కాలంలో మన దేశపు హాజీలకు యలమ్లమ్ మీఖాత్. తూర్పు నుంచి వచ్చే విమానాలకు తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ మీఖాత్‌గా చూస్తారు. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్లి రావాలి, లేదా దమ్ ఇవ్వాలి. కాబట్టి ఇహ్రామ్ బట్టలు చేతిసంచిలో ఉండాలి. అవి పెద్ద సూట్‌కేసులో వేసి చెకిన్ చేయడం ఏటా ఎందరికో జరిగే పొరపాటు. నేరు విమానమైతే ఇంట్లో లేదా శంషాబాద్‌లో బట్టలు కట్టుకుని మీఖాత్‌కు ముందు నియ్యత్ చేయాలి. దుబాయ్ లేదా రియాద్‌లో మారేవారు అక్కడ కట్టుకోవచ్చు.

ముందు మదీనా వెళ్లేవారికి ఈ తొందర లేదు. మామూలు బట్టల్లో వెళ్లి, సలామ్ సమర్పించుకుని, అలసట తీరాక మక్కాకు బయలుదేరేటప్పుడు మదీనా శివారులోని జుల్ హులైఫా వద్ద ఇహ్రామ్ ధరించవచ్చు. వయసు మళ్లినవారికి, తొలిసారి విమానం ఎక్కేవారికి మేము ఈ దారినే సూచిస్తాం. మదీనాలో దిగి, తిరుగు ప్రయాణం జెద్దా నుంచి పెట్టుకుంటే వెనక్కి మదీనా రావాల్సిన పని ఉండదు. రెండు పుణ్యనగరాల మధ్య 2018లో మొదలైన హరమైన్ రైలు ఉంది. అది జెద్దా విమానాశ్రయంలో కూడా ఆగుతుంది.

6. నమాజ్, రోజా, భోజనం

ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చదివే సౌలభ్యం ఉంది. సీట్లో ఎలా చదవాలి, తర్వాత తిరిగి చదవాలా అన్నది బయలుదేరే ముందే మన మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి. ముస్లిం భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందు టికెట్‌లో నమోదు చేయించాలి. గల్ఫ్ దేశాల పెద్ద విమాన సంస్థల్లో వడ్డించేది హలాలే.

రమజాన్‌లో పడమటికి వెళ్తే పగలు పొడవవుతుంది. హైదరాబాద్‌లో ఇఫ్తార్ వేళైనా విమానం కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తుంటే రోజా ఇంకా ముగియనట్టే. ముసాఫిర్‌కు రోజాను వాయిదా వేసుకునే అనుమతి సూరా బఖరాలో ఉంది. మందులు వాడే పెద్దలు ఆ అనుమతిని తక్కువగా చూడకూడదు.

7. ఆరోగ్యం, సామాను

నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లో తేల్చింది. మామూలు మనిషికి అది అరుదే. అయినా ఇటీవల ఆపరేషన్ అయినవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి. నడవా పక్క సీటు తీసుకోండి. లేచి నడవడం, నీళ్లు తాగడం మరవద్దు. ఇన్సులిన్, రోజువారీ మాత్రలు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచాలి.

మన వంటింటి గసగసాలు యూఏఈ, సౌదీ చట్టాల్లో నిషిద్ధం. మసాలా పొడిలో ఉన్నా ప్రమాదమే. కొన్ని నొప్పి మాత్రలకు, దగ్గు మందులకు కూడా అక్కడ ఆంక్షలున్నాయి. ఇతరులు ఇచ్చిన పొట్లం ఎంత దగ్గరివారిదైనా విప్పి చూడకుండా పెట్టుకోవద్దు.

సామాను రాకపోతే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోండి. భారత్ కూడా చేరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను పాడైతే 7 రోజుల్లో, ఆలస్యంగా చేరితే అందిన 21 రోజుల్లో లిఖితపూర్వకంగా అడగాలి.

8. ఇంటి నుంచి శంషాబాద్ దాకా

గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయలుదేరుతాయి. టికెట్‌పై 12వ తేదీ 3 గంటలు అని ఉంటే 11వ తేదీ రాత్రే ఇల్లు వదలాలి. ఈ తేదీ పొరపాటుకు ఇంట్లో ఇద్దరు కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకోవడమే మందు. విమానానికి మూడున్నర గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. అందుకే అన్నోజిగూడవారికి ఉప్పల్ వైపు రాకుండా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కడం నమ్మకమైన దారి. నాచారం, ఉప్పల్‌వారికి ఎల్‌బీ నగర్ మీదుగా వెళ్లే పుష్పక్ బస్సు ఉంది.

దాతలకు ఒక మనవి

ఒకరిని ఉమ్రాకు పంపాలనుకుంటే టికెట్ డబ్బుతో సరిపెట్టకండి. తోడెవరు, వీల్‌చైర్ చెప్పారా, మారే చోటు ఏది, అక్కడ దిగాక ఎవరికి ఫోన్ చేయాలి అని కూడా అడగండి. ఇద్దరిని చవక దారిలో పంపే సొమ్ముతో ఒక్కరినే క్షేమమైన దారిలో పంపాల్సి వస్తే, ఒక్కరినే పంపండి. రెండో వారి వంతు వచ్చే ఏడాది వస్తుంది, ఇన్షా అల్లాహ్. జకాత్ సొమ్మును మాత్రం ఆలిమ్‌లను అడగకుండా ఈ పనికి వాడవద్దు.

ముసాఫిర్ దుఆ స్వీకరించబడుతుందని మన పెద్దలు చెబుతూ వచ్చారు. అలసిపోయి, దారి తప్పి, భయంతో చేసే దుఆ కన్నా, నెమ్మదైన మనసుతో చేసే దుఆలో మీ పేరు ఉండాలని మా కోరిక. ప్రయాణికులందరినీ అల్లాహ్ క్షేమంగా గమ్యం చేర్చి, క్షేమంగా ఇంటికి తెచ్చుగాక. ఆమీన్.