హనుమంతుని మాటతీరు

కిష్కింధకాండ మూడవ సర్గలో భిక్షువేషముతో వచ్చిన హనుమంతుడు తన్ను సుగ్రీవుడు పంపినాడనీ, ఆయన స్నేహము కోరుచున్నాడనీ దాపరికము లేక పలికినాడు. ఆ పలుకులను శ్రీరాముడు లక్ష్మణునితో మెచ్చుకొనెను: సాగదీత లేదు, సందిగ్ధత లేదు, తొందర లేదు, కంఠధ్వని మధ్యమము, కనుబొమలయందైనను దోషము లేదు.

ఈ కనుబొమల మాట వద్దనే నేను ఆగిపోయితిని. మూడేండ్లుగా అమ్మ సేవ ఒక్కడనే చేయుచు, అన్నగారు వచ్చినప్పుడెల్ల ముఖము ముడుచుకొంటినే గాని నోరు విప్పలేదు. అదే ఓర్పనుకొంటిని!

పారాయణము ముగిసిన నాడు, అమ్మను ముందుగా అడిగి, అన్నగారికి ఫోను చేసితిని. "అన్నయ్యా, నా ఒక్కడి వల్ల కావడం లేదు. నెలకు పది రోజులు అమ్మను మీ ఇంట ఉంచుకోండి."

కొంతసేపు మౌనము. "ఇన్నాళ్లూ అడగలేదేమిరా?" అన్నారు.