దిగులు ఇల్లు వదలకపోతే: వాడరేవు ఇళ్ళకు కొన్ని చిట్కాలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చీరాల దగ్గరి మా వాడరేవులో చేపల వేట ఆగుతుంది. ఒక ఏడాది ఆ రోజుల్లో మా పెదనాన్న పొద్దస్తమానం అరుగు మీదే కూర్చునేవాడు. పని లేక అనుకున్నాం. జూన్ 15న పడవలన్నీ కదిలినా ఆయన కదల్లేదు. మాకు అనుమానం వచ్చింది అప్పుడే. ఆ రెండు నెలలూ చూస్తూ కూర్చున్నామన్న బాధ ఇంకా పోలేదు. ఇంకో ఇంట్లో అలా జరగకూడదని రాస్తున్నాను.

1. రెండు వారాలు లెక్కపెట్టండి. వల తెగినా, మిరప ధర పడిపోయినా ఎవరికైనా దిగులే. అది నాలుగు రోజులకు సర్దుకుంటే పర్వాలేదు. రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పని మీదా మనసు పోకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం, తిండి తగ్గడం, 'నా వల్లే ఇల్లు ఇలా అయింది' అని తనను తాను తిట్టుకోవడం: ఇవి రెండు వారాలు దాటితే జబ్బేమోనని చూపించాలి. 2015-16లో నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థ చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్ళలో ఇరవై మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని తేలింది. అంటే మన వీధిలోనూ ఉన్నట్టే. తుఫాను తర్వాత మరీ జాగ్రత్త. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా అందరూ కదిలి వచ్చే రోజుల్లో మనిషి నిలబడే ఉంటాడు. పలకరింపులు తగ్గి, అప్పులవాళ్ళు రావడం మొదలయ్యాక కుంగుతాడు.

2. ఒంటి నొప్పుల వెనక మనసు ఉందేమో చూడండి. మన ఇళ్ళల్లో 'నాకు డిప్రెషన్' అని ఎవరూ అనరు. 'ఒళ్ళంతా లాగేస్తోంది', 'గుండె దడ', 'తల బరువు', 'నరాల బలహీనత' అంటారు. బలానికని సెలైన్ పెట్టించుకుంటారు. రక్తహీనత, థైరాయిడ్, బి12 పరీక్షలు తప్పక చేయించండి. వాటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే నీరసిస్తాడు. అన్నీ బాగున్నాయని రిపోర్టు వస్తే మాత్రం 'నీకేం లేదు, లే' అనొద్దు. అసలు వెతకాల్సింది అప్పుడే.

3. 'నీకేం తక్కువ?', 'ధైర్యంగా ఉండు' అనే మాటలు మానేయండి. లేవలేనివాడికి అవి ఇంకో బరువు. 'పెదనాన్నా, అన్నం కలిపి తెచ్చా, రెండు ముద్దలు తిను' అంటే చాలు. 'అలా ఒడ్డు దాకా వెళ్ళొద్దాం రా' అని పక్కన నడిస్తే ఇంకా మంచిది.

4. అన్నీ ఒకే జబ్బు కాదు. కొన్నాళ్ళు కుంగిపోయి, ఇంకొన్నాళ్ళు నిద్రే లేకుండా విపరీతమైన హుషారుగా, చేతికందినంత అప్పు చేసి ఖర్చు పెడుతుంటే అది బైపోలార్ కావచ్చు. ఆ హుషారు సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి, ఎందుకంటే ఒక్క డిప్రెషన్ మాత్రలే ఇస్తే అది ఎక్కువ కావచ్చు. లేని గొంతులు వినపడటం వేరే జబ్బు కావచ్చు. పురిటి మంచం మీద బాలింత ఊరికే ఏడుస్తుంటే, బిడ్డను చూడబుద్ధి కావడం లేదంటే, గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోవద్దు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్ళండి.

5. అనుమానం వస్తే సూటిగా అడగండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. చాలామంది ఎవరైనా అడిగితే బాగుండని ఎదురుచూస్తుంటారు. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టకండి: ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

6. పురుగుమందు ఇంట్లో ఉంచకండి. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు పల్లెల్లో రైతుల ఆత్మహత్యలతో ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో పెద్దవాళ్ళకు తెలుసు. చావాలన్న ఉధృతి చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపూ మందు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన మందులను నిషేధించాక ఆత్మహత్యల మరణాలు బాగా తగ్గాయి. కావలసినంతే కొనండి. మిగిలితే తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టండి.

7. ఎక్కడికి వెళ్ళాలి? ముందు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి అది. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటి చూపుకు చీరాల ఏరియా ఆసుపత్రి ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి ఇంట్లోవాళ్ళు ఒకరు వెంట వెళ్ళాలి. నిద్ర, తిండి, మాటల్లో వచ్చిన తేడా రోగి కన్నా మీరే బాగా చెప్పగలరు.

8. డిప్రెషన్ మాత్రలు ఒక్క రోజులో పనిచేయవు. రెండు వారాల నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం, నిద్ర తేడాలు ఉండొచ్చు. పెదనాన్న మాత్రలు మొదలుపెట్టాక మా ఇంట్లో మూడో వారానికే అందరం నీరుగారిపోయాం. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం పెదనాన్న పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. పెద్దమ్మ గరిటె పట్టుకునే ఏడ్చేసింది. బాగైందని అప్పుడే మానేయకూడదు. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. తగ్గించడం డాక్టరు చెప్పినట్టే, కొంచెం కొంచెంగా.

9. తాగుడు దిగులును పెంచుతుంది, నిద్రను పాడుచేస్తుంది. కానీ రోజూ బాగా తాగేవాళ్ళ చేత ఒక్కసారిగా మాన్పించకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. అది ఆసుపత్రి చూపులోనే జరగాలి.

10. వేటకు పంపే ముందు డాక్టర్ని అడగండి. కొత్త మాత్రలతో మగతగా ఉంటే పడవ ఎక్కనివ్వొద్దు. కొన్నాళ్ళు ఒడ్డున వల కుట్టే పని చాలు. బైపోలార్‌కు లిథియం వాడేవాళ్ళు ఎండలో చెమటలు పట్టే పనికి వెళితే నీళ్ళ డబ్బా ఖాళీ కానివ్వకూడదు. ఉప్పు ఉన్నట్టుండి మానేయకూడదు. ఒళ్ళు నొప్పులకు కొట్లో మాత్ర కొనే ముందు డాక్టర్ని అడగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు బాగా వణికినా, నడక తూలినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మాత్రల చీటీ వెంట పెట్టుకుని.