చత్వారం వస్తే పని పోవాల్సిందేనా?



సర్వేంద్రియానాం నయనం ప్రధానం అని బడిలో అందరం చదివినవాళ్లమే. ఆ కళ్లను నమ్ముకొని కూలి సంపాదించేవారి సంగతి మాత్రం ఏ పాఠంలోనూ రాలేదు. మన హాస్టల్లో చాలామంది తల్లిదండ్రులు అలాంటివారే.

నలభై ఏళ్లు దాటాక కంటిలోని కటకం గట్టిపడుతుంది. దూరం బాగానే కనబడుతుంది, దగ్గరివి మసకబారతాయి. ఇదే చత్వారం. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు, పేరు అక్కడిదే. ఇది అందరికీ వచ్చేదే. ఆఫీసులో పనిచేసేవారు అద్దాలు కొనుక్కుంటారు. గద్వాలలోనో అమరచింతలోనో గుంట మగ్గంలో కూర్చున్న నేత కార్మికుడు మాత్రం "ఇక వయసైపోయింది" అనుకుంటాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ పోగు పోగు కలిపి నేయాలి. తెగిన పోగు కనబడకుంటే నేత ఆగుతుంది, కూలి తగ్గుతుంది. తర్వాత ఆ ఇంట్లో ఎవరి చదువు ఆగుతుందో మనకు తెలియనిది కాదు.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలపై జరిగిన పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. కొందరికి దగ్గరిచూపు అద్దాలు ముందే ఇచ్చారు, మిగతావారికి పరిశోధన అయ్యాక ఇచ్చారు. ముందు అద్దాలు అందినవారి పని రెండోవారికంటే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. మందు లేదు, ఆపరేషన్ లేదు!

ఐటీఐ చదివి బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో చేరే తమ్ముళ్లకు ఇంకో మాట. వెల్డింగ్ వెలుగు నల్లగుడ్డు పైపొరను కాలుస్తుంది. నొప్పి అప్పుడే తెలియదు, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. మామూలు కూలింగ్ గ్లాసులు దానికి ఆగవు. గ్రైండింగ్ రవ్వ పడితే కన్ను నలపొద్దు, రుమాలు కొనతో తీయొద్దు, పసరు అసలే పోయొద్దు. కంటి డాక్టరు దగ్గరికే పోవాలి. ఇలాంటి పనుల్లో కార్మికుల కళ్లకు రక్షణ అద్దాలో తెరలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే రాశారు. అడగడానికి మొహమాటం ఎందుకు?

కంటి వెలుగు కార్యక్రమం 2018లో ఒకసారి, 2023లో మరోసారి ఊరూరా జరిగింది. అప్పుడు ఇచ్చిన అద్దాలు ఇప్పటికీ సరిపోతాయనుకోవద్దు, వయసుతో పవర్ మారుతుంది. ఈసారి సెలవులకు పోయినప్పుడు నాయిన చేతికి సూది, దారం ఇచ్చి చూడండి. చెయ్యి బారచాచి ఎక్కిస్తుంటే, మర్నాడే ప్రభుత్వాసుపత్రికి కంటి పరీక్షకు తోలుకపోండి.